కంప్యూటర్ కొనబోతున్న అమ్మాయికి

అమ్మాయీ,

వీడియో ఎడిటింగ్ కోసం నీ సొంత డబ్బుతో కంప్యూటర్ కొంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా ఉందో! కానీ బాగా చవకగా, విడిభాగాలు కూర్చిన అసెంబుల్డ్ సిస్టమ్ ఇస్తామన్నవాళ్లకు సరేననేశావట, అది విన్నప్పటి నుంచీ భయంగా ఉంది.

అసెంబుల్డ్ వద్దనను. 1981లో ఐబీఎం తన పీసీని చాలావరకు బయట దొరికే విడిభాగాలతోనే కట్టింది, అందుకే మిగతావాళ్లూ అలాంటివి చేయగలిగారు. ఇప్పటికీ కంపెనీ కట్టిచ్చే బ్రాండెడ్‌లోనూ అసెంబుల్డ్‌లోనూ ప్రాసెసర్లు అవే. ర్యామ్ 16 జీబీ కావాలంటే 8 జీబీవి రెండు వేయించు.

చవక దాక్కునేది కరెంటును కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చి ఇచ్చే పవర్ సప్లై పెట్టెలో, అంటే ఎస్‌ఎంపీఎస్‌లో. క్యాబినెట్‌తో ఊరికే వచ్చినదానితో సరిపెట్టుకోవడం పాతకాలం నుంచీ జనం చేస్తున్న తప్పు. దానిమీద 450 వాట్లని పెద్ద అక్షరాలుంటాయి. అవి చూడకు. పక్కనున్న పట్టికలో +12 వోల్టుల కింద ఆంపియర్లు చూడు. 16 అని ఉంటే 12తో గుణించు: 192 వాట్లే! ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది ప్రధానంగా దానిమీదే. ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేసే రెండర్ పెట్టగానే రెండూ ఒక్కసారిగా లాగుతాయి, సిస్టమ్ టక్కున రీస్టార్ట్ అవుతుంది. పాపం జనం ర్యామ్ మారుస్తారు, విండోస్ మళ్లీ ఎక్కిస్తారు, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. ఓవర్ వోల్టేజ్ రక్షణ లేనిదైతే తాను పోతూ మదర్‌బోర్డునీ డిస్కునీ కూడా కాల్చేయొచ్చు. డిస్కులోని నీ పనిని ఏ వారంటీ తిరిగి ఇవ్వదు. మధ్యరకం గ్రాఫిక్స్ కార్డుకైనా ఆ +12 వోల్టుల కింద 36 ఆంపియర్లుండే మంచి సప్లై విడిగా కొను. రంగురంగుల లైట్ల క్యాబినెట్ ఎంచుకున్నావట. ఆ డబ్బు ఇక్కడ పెట్టు తల్లీ.

బ్రాండెడ్ అయితే వారంటీకి ఒకే గడప తొక్కితే చాలు. కానీ కొన్ని మోడళ్లలో సప్లై ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటుంది, అందరూ వాడే కొలతల్లో వచ్చే మామూలు ఏటీఎక్స్‌ది పట్టదు. ప్లగ్ ఒకేలా ఉండి తీగల వరస వేరైన మోడళ్లూ వచ్చాయి. వాటికి మామూలుది తగిలిస్తే బోర్డు కాలిపోవచ్చు. ముందే అడుగు.

మూత విప్పి ఒక భాగం మార్చే ఓపిక నీకుంటే అసెంబుల్డ్ తీసుకో, లేదంటే బ్రాండెడే. అసెంబుల్డ్ అయితే ప్రతి భాగం మోడల్, సీరియల్ నంబరు బిల్లులో రాయించు, ఎందుకంటే వారంటీ దేనికదే. తెచ్చిన రాత్రే ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం మెమ్‌టెస్ట్ తెల్లవార్లూ నడవనీ. ఒక్క ఎర్రర్ చూపినా ర్యామ్ మార్పించు.

కొటేషన్‌తో పాటు ఆ ఎస్‌ఎంపీఎస్ పట్టిక కూడా ఫోటో తీసి పంపు. నేను చూసేదాకా డబ్బు కట్టకు.

మీ పెదనాన్న