నాన్నగారి మిల్లు: మీకు మిగిలింది రెండు నెలలే

ప్రశ్న: మాది తూర్పు గోదావరి. మా నాన్న, బాబాయి చెరి సగం వాటాతో రైస్ మిల్లు పెట్టారు. ఇద్దరే భాగస్తులు. భాగస్వామ్య ఒప్పంద పత్రం (డీడ్) ఉంది, ఫర్మ్ రిజిస్టర్ అయింది. నాన్న చనిపోయి రెండేళ్ల పది నెలలైంది. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి అప్పటి నుంచీ మిల్లు నేనే చూస్తున్నాను. నెలకు 30 వేలు ఇస్తున్నారు. లెక్కలు అడిగితే "పండగ వెళ్లాక చూద్దాం" అంటారు బాబాయి. ఇప్పుడు ఆయన కొడుకు పేరుతో కొత్త జీఎస్టీ తీసుకుని, మా మిల్లులో ఆడిన బియ్యానికే ఆ పేరు మీద బిల్లులు వేస్తున్నారు. నన్ను గుమాస్తా అంటున్నారు. నాన్న బతికుండగానే నన్ను భాగస్తుడిగా చేర్చుకున్నట్టు పాత తేదీతో డీడ్ రాయించుకోమని తెలిసినాయన సలహా ఇచ్చారు. అమ్మ రోజూ ఏడుస్తోంది. నాన్న స్థానం నాకు వచ్చే మార్గం చెప్పండి.

జవాబు: మీరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. బాబాయి ఏమన్నారో, అమ్మ ఎంత బాధపడిందో అన్నీ ఉన్నాయి. నాన్నగారు పోయిన తేదీ మాత్రం ఆఖరి పేజీలో ఒక్క ముక్కలో ఉంది. మీ కేసంతా ఆ తేదీ మీదే ఉంది.

ఇద్దరే ఉన్న పార్ట్‌నర్‌షిప్‌లో ఒకరు చనిపోతే ఆ ఫర్మ్ ఆ రోజుతో రద్దయిపోతుంది. "వారసుడిని చేర్చుకోవచ్చు" అని డీడ్‌లో ఉన్నా అంతే. మిగిలిన ఒక్కరితో ఫర్మ్ ఉండదని సుప్రీంకోర్టు 1965లోనే చెప్పింది. బాబాయి, మీరు కలిసి కొత్తగా ఒప్పందం చేసుకుంటే తప్ప మీరు భాగస్తులు కారు. నెలనెలా డబ్బు తీసుకున్నంత మాత్రాన కూడా కారు. పుస్తకాల్లో ఆ 30 వేలు జీతం కింద రాసి ఉంటే బాబాయి మాటకే బలం.

నాన్నగారి కుర్చీ మీకు వారసత్వంగా రాదు. మీకు వచ్చింది ఆయన వాటాకు లెక్క అడిగే హక్కు. రద్దయిన ఫర్మ్ లెక్కల కోసం దావా వేయడానికి 1963 లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు రద్దయిన రోజు నుంచి మూడేళ్లు. అందులో రెండేళ్ల పది నెలలు మీరు పండగలకు వదిలేశారు. చదువుకుని, ఉద్యోగం చేసినవారు. ఇంత ఆస్తి గురించి ఒక్కసారైనా లాయరును అడగకపోవడం చాలా పెద్ద పొరపాటు.

లీగల్ నోటీసు ఇస్తే గడువు ఆగదు. పోలీసు ఫిర్యాదుతో ఆగదు. పెద్దమనుషుల్లో పెట్టినా ఆగదు. "అన్నయ్య వాటా తేల్చి ఇవ్వాల్సి ఉంది" అని బాబాయి ఈ రెండు నెలల్లోగా కాగితం మీద రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. ఆయన వాట్సాప్ మెసేజ్‌లు మంచి సాక్ష్యమే, ఫోన్ మార్చకండి, ఏదీ చెరపకండి. కానీ వాటిని నమ్ముకుని దావా ఆపితే మాత్రం మునిగిపోతారు.

ఇక పాత తేదీ డీడ్. ఆ ఆలోచన ఇవాళే మానుకోండి. స్టాంపు కాగితం ఎవరికి, ఏ రోజు అమ్మారో వెండర్ రిజిస్టర్‌లో ఉంటుంది. నాన్నగారి అసలు సంతకాలు బ్యాంకులో ఉన్నాయి. ఫోర్జరీ రుజువైతే భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద పదేళ్ల జైలు, యావజ్జీవం దాకా కూడా పడొచ్చు. ఇంకో నష్టం ఉంది. ముగ్గురు భాగస్తులున్నారని మీరే చెబితే, ఫర్మ్ ఆ రోజు రద్దు కాలేదనే వాదనకు దారి ఇచ్చినట్టే. ఉన్న నిజమైన హక్కు మీ చేతులతో మీరే పోగొట్టుకుంటారు. ఆ సలహా ఇచ్చినాయన మీతో పాటు జైలుకు రారు.

అమ్మగారికి కూడా చెప్పండి, "బ్యాంకు కోసం" అని ఎవరు అడిగినా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని. రిజిస్ట్రేషన్ లేనిది చెల్లదులే అనుకోకండి. ఫర్మ్‌కు స్థలాలు, భవనాలు ఉన్నా అందులో భాగస్తుడి వాటా చరాస్తి కిందే లెక్క, దాన్ని వదులుకునే కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 1966లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అది మన ఆంధ్ర నుంచే వెళ్లిన కేసు, అదీ బియ్యం మర వ్యాపారం మీదే.

దావా మీ ఒక్కరిదీ కాదు. వీలునామా లేదు కాబట్టి అమ్మగారు, మీరు, పెళ్లయి వెళ్లిన మీ అక్క, ముగ్గురికీ సమాన వాటా. నాన్నగారు పోయేనాటికి నాయనమ్మ ఉన్నారా? మీరు రాయలేదు. ఉంటే ఆమెకూ అంతే వాటా, ఆమె బాబాయి ఇంట్లో ఉన్నా సరే. అందరినీ దావాలో చేర్చాలి.

రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర మీ ఫర్మ్ రిజిస్ట్రేషన్ వివరాల సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఫర్మ్ పాన్ కార్డులో నాలుగో అక్షరం 'ఎఫ్' ఉంటుంది, వ్యాపారం ఫర్మ్‌దేనని చూపడానికి అదీ ఒక ఆధారమే. నాన్నగారు పోయిన ఏడాది బ్యాలెన్స్ షీటు, రిటర్నులు, స్టాకు లెక్క ముఖ్యం. చిట్టా, ఆవర్జా లాంటి లెక్కల పుస్తకాలు రాత్రిపూట ఇంటికి మోసుకెళ్లకండి, దొంగతనం కేసు పెడతారు. ఫొటోలు తీసుకోండి చాలు. పుస్తకాలు తెప్పించడం, తాను నియమించే కమిషనర్ చేత లెక్క కట్టించడం కోర్టు చూసుకుంటుంది.

దావాలో వాటా సొమ్ముతో పాటు, నాన్నగారు పోయాక ఆయన పెట్టుబడి మీద వచ్చిన లాభం గానీ ఏడాదికి 6 శాతం వడ్డీ గానీ అడగొచ్చు. ఏది కావాలో ఎంచుకునే హక్కు మీదే. ఆ వాటా 40 లక్షలని తేలితే వడ్డీ ఏడాదికి 2 లక్షల 40 వేలు. మిల్లు బాగా నడుస్తోందంటున్నారు, లాభమే ఎక్కువ కావచ్చు. పుస్తకాలు చూశాకే తేల్చుకోండి.

విలువ 3 లక్షలు దాటింది కాబట్టి ఇది కమర్షియల్ కోర్టుకు వెళ్తుంది. అక్కడ మామూలుగా ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. దానికి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేయాలి. అందులో గడిచిన కాలాన్ని గడువులో కలపరు. పెద్దమనుషుల పంచాయితీకి ఆ రక్షణ లేదు. మీ కేసులో కొత్త పేరుతో బిల్లులు వెళ్తున్నాయి. లెక్కలు తేలేవరకు ఫర్మ్ యంత్రాలను సొంతానికి వాడుకోకుండా ఆపమని అర్జెంటుగా ఇంజంక్షన్ (కోర్టు నిలుపుదల ఉత్తర్వు) అడిగే కారణం ఉంది కాబట్టి నేరుగా దావా వేయొచ్చు. ఆ కొత్త బిల్లుల కాపీలు దావాతో పాటే పెట్టండి.

మిల్లు మీరే నడపాలన్న కోరికకు దారి మూసుకుపోలేదు. దావా పడ్డాక బాబాయి వాటా కొంటామని రాతపూర్వకంగా అడగండి, లేదా ఇవాళ్టి తేదీతో కొత్త డీడ్ రాసుకోండి. రెండు నెలలు దాటాక వెళితే బాబాయికి మీతో మాట్లాడాల్సిన అవసరమే ఉండదు.

సోమవారం ఉదయం మరణ ధ్రువీకరణ పత్రం, పాత డీడ్ కాపీ పట్టుకుని మీ జిల్లా కోర్టులో సివిల్ కేసులు చూసే లాయరును కలవండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసులో అదే రోజు దరఖాస్తు పెట్టండి. అది వచ్చేదాకా దావా ఆపకండి.