ఎడిన్‌బరోలో ఇంటి ప్లాన్ నిరాకరణ: అప్పీలు ఎందుకు వెనక్కి వచ్చిందంటే

మీ అమ్మాయి ఇంటి ప్లాన్‌ను కాదన్నారని, స్కాట్లాండ్ ప్రభుత్వానికి పంపిన అప్పీలూ వెనక్కి వచ్చిందని అడిగారు కదా, అది వేరే గడపకు వెళ్లినట్టుంది. ఎడిన్‌బరోలో మీ అమ్మాయి ఇంటి వెనుక వేయదలచిన గదికి అనుమతి కాదన్నది కౌన్సిల్ అధికారే అయితే, స్కాట్లాండ్ ప్రభుత్వానికి పంపిన అప్పీలు నిలవదు. అదే కౌన్సిల్‌లోని లోకల్ రివ్యూ బాడీకి, అంటే అధికారి నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించే కౌన్సిలర్ల కమిటీకి వెళ్లాలి. నిర్ణయ పత్రంతో వచ్చిన సూచనల్లో ఏ దారో రాసి ఉంటుంది, ముందు అది చదివించండి.

1. రివ్యూ కోరడానికి గడువు నిర్ణయ పత్రం తేదీ నుంచి 3 నెలలు. వెనక్కి వచ్చిన అప్పీలు వల్ల ఆ గడువు ఆగదు.

2. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. కర్నూలు కార్పొరేషన్‌లో కొర్రీ వేస్తే ప్లాన్ సరిదిద్ది మళ్లీ పెట్టడం మనకు అలవాటు. అక్కడ ఈ దశలో ప్లాన్ మార్చడం కుదరదు. అధికారి ముందు పెట్టని కొత్త అంశాలను కూడా తీసుకోరు. తీసుకోవాలంటే, అప్పట్లో చెప్పే వీలు లేదనో, పరిస్థితి అసాధారణమనో చూపాలి. గది చిన్నది చేయాలనుకుంటే కొత్త దరఖాస్తే దారి. పాత ప్లాన్‌నే నిలబెట్టుకోవాలంటే, నిరాకరణకు చూపిన ఒక్కో కారణానికీ జవాబు, రివ్యూ కోరుతూ ఇచ్చే నోటీసుతోనే జతచేయండి. తర్వాత చెబుదామంటే అవకాశం రాకపోవచ్చు.

3. స్థలం వచ్చి చూడమని కోరవచ్చు. రావడం, రాకపోవడం రివ్యూ బాడీ ఇష్టం.

రివ్యూ బాడీలో కనీసం ముగ్గురు కౌన్సిలర్లు కూర్చుని దరఖాస్తును మొదటి నుంచి పరిశీలిస్తారు. మన కార్పొరేటర్‌కు చెప్పించినట్టు వాళ్లకు ఫోన్లు చేయించకండి, పని చెడుతుంది.

అక్కడా కాదంటే 6 వారాల్లోపు స్కాట్లాండ్‌లోని అత్యున్నత సివిల్ కోర్టయిన కోర్ట్ ఆఫ్ సెషన్‌కు వెళ్లవచ్చు, అదీ చట్టపరమైన లోపం ఉంటేనే.