వదిలేసిన పని కూడా రాయి

అమలాపురం

అబ్బాయీ,

వ్యాసం చదివాను. స్ట్రాటజీ గేముల్లో నైపుణ్యానికి హద్దు లేదని చాలాచోట్ల అన్నావు, ఎందుకు లేదో ఎక్కడా చూపించలేదు.

1998 నాటి స్టార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ యుద్ధపు ఆటలో, దాని అదనపు భాగమైన బ్రూడ్ వార్‌లో ఒకేసారి 12 యూనిట్లనే (సైనికులు, పనివాళ్లలాంటివి) సెలెక్ట్ చేయగలం. సైనికుల్ని తయారుచేసే బ్యారక్స్‌ను ఒక్కొక్కటిగా నొక్కాలి. వనరులు తెచ్చే కొత్త వర్కర్‌ను మనమే పనిలోకి పంపాలి, లేకపోతే ఊరికే నిలబడుతుంది. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 ఈ మూడు ఇబ్బందులూ తీసేసింది. అందుకని రెండోదాంట్లో నైపుణ్యానికి చోటు తగ్గిందని తేల్చేశావు. నేను ఒప్పుకోను.

దాళ్వాకి కాలవలో నీళ్లు చాలనప్పుడు వంతులు పెడతారు కదా, ఒక చేనికి మళ్లిస్తే ఇంకో చేను ఆగాలి. ఆటగాడి ధ్యాసా అంతే. బ్రూడ్ వార్‌లో అందులో పెద్ద వాటా బేస్ పనికే, అంటే సొంత స్థావరం చూసుకోవడానికే పోతుంది. కొత్త మెరైన్ సైనికుల తయారీకి ఆర్డర్ పెట్టి వచ్చేలోపు అక్కడ యుద్ధం చేజారిపోవచ్చు. ఎప్పుడు వెనక్కి చూడాలన్నది పెద్ద నిర్ణయం. రెండో ఆటలో మిగిలిన ధ్యాస ఒకేసారి రెండు మూడు చోట్ల దాడులకు వెళ్లింది. ఆటగాడు చేసి ముగించలేనన్ని పనులు అక్కడా ఉన్నాయి, వేరే పనులు.

అయినా ఏదో పోయిందనే నాకూ అనిపిస్తుంది. పాత ఆటలో హై టెంప్లర్లు అనే మంత్రగాళ్లను గుంపుగా పట్టుకుని స్టార్మ్ (తుపానులాంటి దాడి) వేస్తే అందరూ ఒకే చోట వేసి వృథా చేస్తారు, అందుకే ఒక్కొక్కరినీ విడిగా పట్టుకోవాలి. కొత్తదాంట్లో ఒక్కరే వేస్తారు. వరసగా పడే స్టార్మ్‌లు చూస్తే పాత ఆటలో చేతి పనితనం కనిపించేది. అది రాయి, నీకు రాయడం వచ్చు.

మ్యూటలిస్కుల (పాత ఆటలో ఎగిరే యుద్ధ జీవుల) సంగతి ఎలా వదిలేశావు? 11 మ్యూటలిస్కులతో పాటు దూరంగా ఉన్న ఓవర్‌లార్డ్ అనే ఇంకో ఎగిరే యూనిట్‌నూ ఒకే గ్రూపులో పెడితే ఆ మ్యూటలిస్కులన్నీ ఒకదానిమీద ఒకటి చేరి ఒక్కటిగా కదులుతాయి. గేమ్ ప్రవర్తనలోని ఒక వింతను ఆటగాళ్లు కనిపెట్టి విద్యగా మార్చుకున్నారు! ఈ ఒక్క ఉదాహరణ ఉంటే నీ పొగడ్తలు సగం తీసేయొచ్చు.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే ఇంకో స్ట్రాటజీ గేమ్ మీద నువ్వు రాసిన పేరా చాలు. 2019 ఎడిషన్‌లో పొలాలు వాటంతటవే మళ్లీ నాటుకోవడం వచ్చిందని ఒక మాట చేర్చు. ఏపీఎం (నిమిషానికి ఎన్ని చర్యలు అన్న లెక్క) అంకెలు మాత్రం తగ్గించు. ఎన్నిసార్లు నొక్కాడో తెలిసినంత మాత్రాన ఎందుకు నొక్కాడో తెలియదు.

ఒక్క మ్యాచ్‌లో ఒక్క నిమిషం తీసుకో. ఆటగాడు ఏం చేశాడో, దానికోసం ఏ పని వదిలేశాడో రెండూ రాయి. ఆట తెలియని మీ అమ్మగారికి చదివి వినిపించు. ఆవిడ ఆపి అడిగినచోటల్లా తిరగరాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ మ్యాచ్ రీప్లే (రికార్డింగ్) తీసుకురా, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు