గంధకం చల్లినా పాములు వస్తున్నాయి

ప్రశ్న: మాది రాజోలు వైపు పల్లె. ఇంటి ముందు పంట కాలువ, వెనక కొబ్బరితోట. పెరట్లో కొబ్బరి డొక్కల గుట్ట, కోళ్ల గూడు ఉన్నాయి. వానలు మొదలైనప్పటి నుంచి పాములు తరచుగా కనిపిస్తున్నాయి. ఒకటి గడప దాటి లోపలికే వచ్చింది. మా అత్తగారు గంధకం, వెల్లుల్లి రసం చల్లించారు. ఎవరో ఈశ్వరి తీగ పెంచమన్నారు. మావారు పాత చేపల వల ఇంటి చుట్టూ కడదామంటున్నారు. మేము పిల్లలతో నేల మీదే పడుకుంటాం. ఏం చేయాలి?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముందు ఈ రాత్రి నుంచే నేల మీద పడుకోవడం మానేయండి. ఒక్క మంచమే ఉంటే దాని మీద పిల్లలను పడుకోబెట్టండి. మంచానికీ, కింద పక్కకీ కూడా దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి గట్టిగా దోపండి. నా భయమంతా కట్లపాము గురించి. నల్లగా నిగనిగలాడుతూ, సన్నని తెల్లటి అడ్డచారలతో ఉండే ఈ పాము రాత్రిపూట తిరుగుతుంది. నిద్రలో కాటు పడితే అక్కడ నొప్పి, వాపు దాదాపు ఉండవు. చీమ కుట్టిందనుకుని మళ్లీ పడుకుంటారు. కొన్ని గంటల్లో కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగుడు పడకపోవడం, ఆ తర్వాత ఊపిరి అందకపోవడం. అర్ధరాత్రి పిల్లవాడు కడుపునొప్పి అని ఏడుస్తూ, రెప్పలు ఎత్తలేకపోతుంటే అజీర్తి అనుకుని వాము నీళ్లు పట్టకండి, ఆసుపత్రికి పరుగెత్తండి. ఈ సంగతి మన లంకల్లో ప్రతి తల్లికీ తెలియాలని నా ఆరాటం.

ఇక గంధకం, వెల్లుల్లి, ఈశ్వరి తీగ. వీటిలో ఏదీ పామును ఆపుతుందని నమ్మి నిద్రపోవద్దు. నేను జీవశాస్త్రం పాఠం చెప్పిన ఊళ్లన్నిటిలోనూ ఇవి వాడారు, పాములు వస్తూనే ఉన్నాయి. వాన పడితే గంధకం ఎటూ కొట్టుకుపోతుంది. కార్బాలిక్ ఆమ్లం మాత్రం ఎవరు చెప్పినా తేవద్దు. పిల్లల చర్మం మీద పడితే కాలిపోతుంది. చేపల వల అంతకంటే ప్రమాదం. అందులో ఎక్కువగా చిక్కేది ఎలుకలను తినే జెర్రిపోతు. త్రాచు చిక్కిందంటే బతికున్న విషసర్పాన్ని మీ గోడ పక్కనే కట్టేసుకున్నట్టు. దాన్ని విడిపించబోయేవారికే కాటు పడుతుంది.

పాము తిండి కోసం, దాక్కోవడం కోసం వస్తుంది. మీ ఉత్తరంలో ఆ రెండూ ఉన్నాయి. డొక్కల గుట్ట కింద చల్లగా, తేమగా ఉంటుంది. పందికొక్కులు అక్కడే కలుగులు తవ్వుతాయి. వాటి వెంట త్రాచు, రక్తపింజరి వస్తాయి. కాబట్టి గుట్టను ఇంటికి దూరంగా, తోట చివరికి మార్చండి. మార్చేటప్పుడు చేతులతో తీయకుండా పొడవాటి కర్రతో లాగండి. మట్టలు, కట్టెలు, పాత పెంకులు గోడకు ఆనించి పెట్టవద్దు. ఇటుకల మీద ఎత్తుగా, కింద వెలుతురు ఆడేలా పేర్చండి. కలుగులను కంకర, సిమెంటుతో పూడ్చండి. ధాన్యం, దాణా మూత ఉన్న డబ్బాల్లో ఉంచండి. గూడుకు కాళ్లు పెట్టి ఎత్తించి, సన్నని ఇనుప జల్లెడ బిగించండి. గుడ్లు ఏ రోజువి ఆ రోజే తీసేయండి. తలుపు కింద, తూముల దగ్గర చిటికెన వేలు పట్టే సందున్నా చిన్న కట్లపాముకు చాలు. అక్కడ రబ్బరు పట్టీ, జల్లెడ పెట్టండి. గుమ్మం ముందు దీపం రాత్రంతా వెలిగితే పురుగులు, వాటికోసం కప్పలు, కప్పల కోసం పాములు చేరతాయి. అవసరమైనప్పుడే వేసుకోండి, బయటికి వెళ్తే చేతిలో టార్చి ఉండాలి.

వరద రోజుల్లో మరింత జాగ్రత్త. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు మా గట్టు మీద మనుషులు, గేదెలు, పాములు ఒకే మిట్టను పంచుకున్నాయి. నీరు లాగిన తర్వాత కూడా అవి వెంటనే వెళ్లవు. తడిసిన సామాను ఎత్తేటప్పుడు కర్రతో కదిపి చూడండి.

పాము ఇంట్లో ఉంటే పిల్లలను బయటికి పంపి, దూరం నుంచి ఒకరు కనిపెట్టి ఉండగా అటవీశాఖకు గానీ, పాములు పట్టడం తెలిసినవారికి గానీ కబురు చేయండి. చంపబోయి కాటు తిన్నవారిని చూశాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా చంపడానికి ఒప్పుకోదు. కార్తీకంలో నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనమే జెర్రిపోతును కర్రలతో కొట్టి చంపుతుంటే నాకు చాలా బాధ. మీ ధాన్యాన్ని కాపాడేది అదే.

కాటు పడితే రక్తం ఆగేలా కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, మంత్రం కోసం ఆగవద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా కర్రకు కట్టి, నడిపించకుండా 108లో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. త్రాచు, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి నాలుగింటి విషానికీ విరుగుడు మందు ఒకటే. పామును చంపి పట్టుకెళ్లనక్కరలేదు.

ప్రశ్న: కోరంగి మడ అడవుల దగ్గర మా చేపల చెరువు ఉంది. రాత్రిళ్లు ఏదో జంతువు చేపలు తింటోంది. గట్టు చుట్టూ కరెంటు తీగ పెట్టవచ్చా?
– ఒక చేపల రైతు

జవాబు: వద్దు బాబూ. ఆ తీగకు మీ పాలేరే బలి కావచ్చు. వచ్చేది నీటికుక్కల గుంపో, ఒంటరిగా తిరిగే, చేపలు పట్టే అడవిపిల్లి బావురుపిల్లో అయి ఉంటుంది. గట్టు మీద ఒకేచోట చేప పొలుసులతో నిండిన పెంట కనిపిస్తే నీటికుక్కలు. బావురుపిల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. దాన్ని చంపితే మూడేళ్లకు తగ్గకుండా జైలు. గట్టున తుంగ, పొదలు కొట్టించండి. ఇనుప జల్లెడ కంచె వేసి, అడుగుభాగం మూరెడు లోతున మట్టిలో పాతించండి, లేకపోతే కింద తవ్వుకుని వస్తాయి. చేపపిల్లలను వదిలిన కొత్తలో రాత్రి కాపలా పెట్టండి.