కాంపోజిట్ అంటే మిశ్రమ లోహమేనా?

సందేహం: విమాన ఇంజన్ల గురించిన వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. ఒకచోట ‘మిశ్రమ లోహాల వాడకంతో ఇంజన్ వ్యవస్థలు సులభతరం అవుతాయి’ అని రాశాను. మూలంలో ఉన్న మాట కాంపోజిట్. సంపాదకులు ‘మిశ్రమ లోహాల’ కొట్టేసి ‘సమ్మేళనాల’ అని దిద్దారు. ఏది సరైనది?

సమాధానం: రెండూ కుదరవు. ఇత్తడి మిశ్రమ లోహం. అందులో రాగీ జింకూ కరిగి ఒకటైపోయాయి, ఏది ఎక్కడుందో కంటికి ఆనదు. సమ్మేళనం ఇంకా దూరం. పాఠ్యపుస్తకాల్లో అది మూలకాలు రసాయనికంగా కలిసి ఏర్పడే నీరు, ఉప్పు వంటివాటికి స్థిరపడిన మాట. సంపాదకులు లోహాన్ని తప్పించబోయి రసాయనశాస్త్రంలో కాలుపెట్టారు.

కాంపోజిట్ సంగతి వేరు. ప్రయాణికుల విమానాల్లో వాడే లీప్ అనే జెట్ ఇంజన్ ముందుభాగంలో ఉండే ఫ్యాన్ రెక్కనే తీసుకోండి. కార్బన్ పోగులను నేస్తారు, నిజంగా నేతే. పడుగూ పేకా మాత్రమే కాక, మందం దిశలో కూడా పోగు నడుస్తుంది. ఆ నేతను అచ్చులో పెట్టి రెసిన్ అనే జిగురులాంటి పదార్థం ఎక్కించి గట్టిపరుస్తారు. గాలికి ఎదురొడ్డే అంచుకు మాత్రం టైటానియం తొడుగు. రెక్కను కోసి చూస్తే పోగు పోగుగానే, రెసిన్ రెసిన్‌గానే ఉంటాయి. బలం పోగుది, పట్టి ఉంచే పని రెసిన్‌ది.

ఈ తేడా మన వ్యాకరణంలోనే ఉంది. ‘రామాలయం’లో రెండు అచ్చులు కరిగి ఒక్క ‘ఆ’ మిగిలింది. సంధి మిశ్రమ లోహం లాంటిది. ‘పద్యం’లో ద కింద య వత్తు కనిపిస్తూనే ఉంటుంది, అందుకే దాన్ని సంయుక్తాక్షరం అన్నాం. ఆ దారిలోనే ‘సంయుక్త పదార్థం’ అనడం నాకిష్టం. ‘మిశ్రమ పదార్థం’ అనేవారూ ఉన్నారు. తప్పనను కానీ, చదివేవారి మనసు వెంటనే మిశ్రమ లోహం మీదికే పోతుంది. మీకు జరిగింది అదే కదా! మొదటిసారి సంయుక్త పదార్థమని పరిచయం చేసి, ఆపైన కాంపోజిట్ అనే రాసుకోండి. ‘ఇంజన్’ అనే మాటను మోస్తున్న భాషకు ఇదొక బరువు కాదు.

మీరు అడగకపోయినా ‘సులభతరం’ గురించి చెప్పాలి. సులభమయ్యేది పని, వ్యవస్థ కాదు. పైగా ఈ రెక్కల తయారీ కష్టతరమే! అయితే వాటి సంఖ్య తగ్గుతుంది. పాత సీఎఫ్ఎం56-5బీ ఇంజన్లో 36 ఫ్యాన్ రెక్కలుంటే, దాని తర్వాత వచ్చిన లీప్‌లో 18 చాలాయి. ఇంజన్‌లో వేడి వాయువులు తిప్పే టర్బైన్‌లో, సిలికాన్ కార్బైడ్ అనే సిరామిక్ పోగులను సిలికాన్ కార్బైడ్‌లోనే పొదిగి చేసిన భాగాలు నికెల్ మిశ్రమ లోహాలకన్నా ఎక్కువ వేడికి ఓర్చుకుంటాయి, వాటిని చల్లబరచడానికి మళ్లించే గాలి తగ్గుతుంది. ఇలా భాగాలూ చిక్కులూ తగ్గడాన్ని ‘సరళం కావడం’ అంటాం. కాబట్టి ‘కాంపోజిట్లు వాడితే ఇంజన్ నిర్మాణం సరళమవుతుంది’ అని రాస్తే సరిపోతుంది.

అన్నట్టు, వ్యాసమంతటా ‘ఫ్యాన్ రెక్క’ అనే రాయండి. ఉత్త ‘రెక్క’ అంటే విమానం రెక్క అనుకుంటారు.