పాప బాక్సింగ్ నేర్చుకుంటానంటోంది, పంపాలా వద్దా?

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఏడాదిగా బాక్సింగ్ నేర్పించమని ఒకటే పట్టు. తలకు దెబ్బ తగిలితే ఎలా, చదువు ఏమవుతుంది అంటూ మావారు ససేమిరా అంటున్నారు. అసలు దీంట్లో కెరీర్ ఉంటుందా?

జవాబు: అమ్మా, ఏడాదిపాటు ఒకే మాట మీద ఉందంటే తన ఇష్టం గట్టిదే. నేర్పించండి. అయితే మీవారి భయాన్ని కొట్టిపారేయకండి, అందులో నిజం ఉంది. పిల్లలకు బాక్సింగ్ వద్దని, తల మీద కొట్టడం ప్రధానం కాని ఆటలు చూసుకోమని అమెరికా, కెనడా పిల్లల డాక్టర్ల సంఘాలు 2011లో కలిసి చెప్పాయి. హెడ్‌గార్డ్ ఉందిగా అంటారు చాలామంది. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది కానీ లోపల మెదడు కుదుపును ఆపలేదు.

అందుకే నా సలహా, ముందు జూడోలోనో రెజ్లింగ్‌లోనో చేర్చండి, వాటిలో గుద్దులుండవు, పట్టుపట్టి పడేయడమే. రెండింట్లోనూ ఒలింపిక్స్‌లో మహిళలకు పోటీలున్నాయి, జూడోలో 1992 నుంచి, రెజ్లింగ్‌లో 2004 నుంచి. లేదు, బాక్సింగే కావాలంటే ఫుట్‌వర్క్, బ్యాగ్, ప్యాడ్ల మీద పంచ్‌లు, అంతవరకే. తలకు దెబ్బలు తగిలే స్పారింగ్ (ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తలపడే ప్రాక్టీస్) ఇప్పుడు వద్దని కోచ్‌కి ముందే తేల్చి చెప్పండి.

ఏ ఆట అన్నదానికంటే కోచ్ ఎవరన్నది ఇంకా ముఖ్యం. ఫీజు కట్టేముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి (తల్లిదండ్రులు చూడకూడదంటే అక్కడ చేర్చొద్దు). మంచి జూడో క్లాసులో కొత్తపిల్లలకు మొదట నేర్పేది పడటం. గడ్డం గుండెకు ఆనించి, అరచేయీ ముంజేయీ ఒకేసారి మ్యాట్ మీద చరిచి, తల నేలకు తగలకుండా వెనక్కి పడటం, అదే మళ్లీ మళ్లీ. ఇక పట్టులో ఇరుక్కున్న పిల్ల చేత్తో రెండుసార్లు తడితే అవతలివాళ్లు వెంటనే వదిలేయాలి. ఎవరైనా ఒక్క క్షణం ఆలస్యంగా వదిలారనుకోండి, అప్పుడు కోచ్ ఏం చేస్తాడో చూడండి. ఆట ఆపి ఆ పట్టు పట్టినవాళ్లను మందలిస్తే చేర్చేయండి. "ఆ మాత్రం ఓర్చుకోలేవా" అని కిందపడ్డ పిల్లనే అంటే మాత్రం ఇంటికి వచ్చేయండి.

ఈ ఆటల్లో పోటీలు బరువును బట్టి విభాగాలుగా జరుగుతాయి. తక్కువ వెయిట్ కేటగిరీలో ఆడించడం కోసం తిండి మాన్పించడం, నీళ్లు తగ్గించడం, చెమట పట్టించడం లాంటివి ఎదిగే పిల్లకు అస్సలు వద్దు. 1997లో అమెరికాలో బరువు తగ్గే ప్రయత్నంలోనే ముగ్గురు కాలేజీ రెజ్లర్లు నెల పైచిలుకు వ్యవధిలో చనిపోయారు, ఆ తర్వాతే అక్కడ రూల్స్ మార్చారు. కోచ్ ఆ మాటెత్తితే పై కేటగిరీలో ఆడిస్తామని చెప్పండి.

చదువు గురించి పెద్దగా టెన్షన్ పడకండి, మొదట్లో వారానికి మూడు రోజులు, రోజుకో గంట చాలు. తర్వాత పెంచినా వారం మొత్తం గంటలు తన వయసు దాటకూడదు, కనీసం ఒక రోజు పూర్తి రెస్ట్ ఉండాలి. పతకాలతోనే బతికేవాళ్లు కొద్దిమందే, అది తనకూ తెలియాలి. కోచింగ్, ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సైన్స్ వంటి దారులున్నాయి, వాటికీ చదువు కావాలి కాబట్టి చదువు మానే ప్రశ్నే లేదు.

కానీ "మార్కులు తగ్గితే మాన్పించేస్తా", "దెబ్బ తగిలితే అదే ఆఖరు" అని మాత్రం దయచేసి అనకండి. ఆ మాట విన్న పిల్ల తల తిరుగుతున్నా, వాంతి వచ్చేలా ఉన్నా మీ దగ్గర దాచేస్తుంది, అసలు ప్రమాదం అక్కడే. తలకు దెబ్బ తగిలి ఈ లక్షణాలేవి కనిపించినా ఆ రోజుకు ఆట బంద్, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, డాక్టర్ సరే అన్నాకే మళ్లీ మ్యాట్ ఎక్కాలి. నిజం చెప్పినందుకు ఆట పోదని తనకు ముందే మాటివ్వండి.

ఆ క్లాసు చూడటానికి మీవారినే పంపండి, అమ్మాయిని తోడిచ్చి. కోచ్‌ని అడగాల్సినవన్నీ ఆయన్నే అడగనివ్వండి.