నెలకు పది వేలతో చీరల షాపుకు ఆన్‌లైన్ మార్కెటింగ్: ఏది పట్టుకోవాలి?

"మాది చిన్న చీరల షాపు. మార్కెటింగ్‌కు నెలకు పది వేలకు మించి పెట్టలేం. రీల్స్, వాట్సాప్, ఏఐ, ఇన్‌ఫ్లుయెన్సర్లు అంటూ తలా ఒకటి చెబుతున్నారు. ఇప్పుడు ఏది నడుస్తోంది?" అని అడిగారు.

మాది మంగళగిరి. అక్కా బావలకు చేనేత చీరల షాపు ఉంది. బావ కొట్లో కూర్చుంటాడు. నేను విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు వాళ్ల ఆన్‌లైన్ పని చూస్తాను. ఐదేళ్ల నుంచి చూస్తున్నాను, అందులో రెండేళ్లు తప్పులు చేయడానికే సరిపోయాయి.

మొదటి తప్పు ఫాలోవర్లను లెక్కపెట్టుకోవడం. ఒక ఏజెన్సీ వాళ్లు మూడు నెలల్లో ఇరవై వేల మందిని తెస్తామన్నారు, అన్నట్టే తెచ్చారు. వాళ్లలో సగం మందికి ప్రొఫైల్ ఫొటో కూడా లేదు. ఆ మూడు నెలల్లో పేజీ నుంచి వచ్చిన ఆర్డర్లు తొమ్మిది. అందులో రెండు మా పిన్ని పెట్టినవే.

2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించారు, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ తెచ్చింది. అప్పటి నుంచి ఆట మారిపోయింది. మిమ్మల్ని ఫాలో అవ్వని వాళ్లకు కూడా మీ వీడియో కనబడుతుంది. కాబట్టి ఐదు వందల మంది ఫాలోవర్లున్న పేజీ రీల్ కూడా ఒక్కోసారి లక్ష మందికి చేరుతుంది. మాకు అలా వెళ్లినది ఒకే ఒక్కటి. గుంట మగ్గం మీద నేస్తుంటే బావ ఫోన్‌లో తీసిన ఇరవై సెకన్ల ముక్క. పాట లేదు, మాట లేదు, మగ్గం చప్పుడు మాత్రమే. డబ్బిచ్చి తీయించిన వీడియోలు దాని దరిదాపులకు కూడా రాలేదు.

అంత మంది చూసినా ఆ రోజు గల్లా పెట్టెలో పెద్ద తేడా లేదు. బావ దానికి ఒక మాటన్నాడు: "చూసినోళ్లు బజార్లో నడిచిపోయేవాళ్లు బావా, మెసేజ్ పెట్టినోళ్లు మెట్టెక్కినోళ్లు." నిజంగానే ఆ వారంలో కొన్నది "80 కౌంటా, 100 కౌంటా?" (కౌంట్ అంటే నూలు ఎంత సన్నదో చెప్పే అంకె), "నిజాం బార్డర్ ఉందా?" అని వాట్సాప్‌లో అడిగినవాళ్లే. నన్నడిగితే ఇప్పటి అసలు ట్రెండ్ ఇదే. రీల్ మనిషిని తలుపు దాకా తెస్తుంది, బేరం చాట్‌లో జరుగుతుంది. అందుకే యాడ్ పెట్టినా, నొక్కితే నేరుగా వాట్సాప్ తెరుచుకునే రకం పెట్టండి. వెబ్‌సైట్ తర్వాత చూసుకోవచ్చు.

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. కేటలాగ్‌లో ఫొటో, ధర పెట్టుకోవచ్చు, కస్టమర్లకు లేబుళ్లు పెట్టుకోవచ్చు. మేము మొదట్లో రోజుకు ముప్పై ఫొటోలు అందరికీ పంపేవాళ్లం, జనం విసిగిపోయి బ్లాక్ చేశారు. ఇప్పుడు కాటన్ వాళ్లు, పట్టు వాళ్లు, డ్రెస్ మెటీరియల్ వాళ్లు అని విడదీసి, వారానికి ఒక్కసారి ఐదారు ఫొటోలే పంపుతాం. ఒకే మెసేజ్‌ను ఒకేసారి అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఒక్కోదానిలో 256 మందే పడతారు. పైగా మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అందుకని పార్సిల్లో ఒక చీటీ పెట్టి "నంబర్ సేవ్ చేసుకోండి" అని రాస్తాం. పెద్దవాళ్లు టైప్ చేయరు, వాయిస్ పెడతారు. అక్క కూడా వాయిస్‌లోనే జవాబిచ్చి, చీరను గుమ్మం దగ్గర పగటి వెలుతురులో పట్టుకుని చిన్న వీడియో పంపుతుంది. అది చూశాక "ఫొటోలో రంగు వేరే ఉంది" అనే గొడవ చాలా తగ్గింది.

ఇక ఏఐ. కిందటేడు నాకు ఉత్సాహం పొంగి, చీర ఫొటో ఇచ్చి ఏఐ మోడల్ కట్టుకున్నట్టు బొమ్మ చేయించాను. బొమ్మ ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. మరుసటి రోజే నాలుగు ఆర్డర్లు వచ్చాయి. చీరలు అందాక ఒకావిడ ఫోన్ చేసి, "అమ్మా, ఫొటోలో ఒళ్లంతా బుటీలు ఉన్నాయి, ఇది ప్లెయిన్ కదా?" అని అక్కను నిలదీసింది. చూస్తే నిజమే. మా చీర ఒళ్లు ప్లెయిన్‌గా ఉంటుంది, నిజాం బార్డర్‌లో చిన్న చిన్న గోపురాల్లా జరీ ఉంటుంది. ఏఐ ఆ గోపురాలను తీసేసి తీగలు అల్లింది, ఒంటి మీద బుటీలు చల్లింది. నాలుగింటినీ వెనక్కి తీసుకున్నాం, రానూపోనూ కొరియర్ ఖర్చు మాదే. ఆ వారం అక్క నాతో సరిగా మాట్లాడలేదు. అప్పటి నుంచి చీర కనబడే చోట ఏఐని తాకనివ్వను. చెన్నై, బెంగళూరు కస్టమర్లకు ఇంగ్లీషులో జవాబులు రాసుకోవడానికి మాత్రం వాడతాను, అందుకు బాగా పనికొస్తుంది.

గూగుల్ కూడా 2024 ఆగస్టు నుంచి మన దేశంలో కొన్ని ప్రశ్నలకు లింకుల పైన తనే ఏఐతో జవాబు రాసి చూపిస్తోంది. చాలామంది ఆ జవాబు చదివేసి వెళ్లిపోతారు, సైట్ దాకా రారు. కానీ మీకు షాపు ఉంది కాబట్టి గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ నింపుకోండి, పైసా ఖర్చు లేదు. మా కొండ మీది గుడిలో పానకాల స్వామి దర్శనానికి వచ్చినవాళ్లు కొండ దిగి "దగ్గర్లో చీరల షాపు" అని వెతుకుతారు. సరైన టైమింగులు, కొత్త ఫొటోలు, రివ్యూలకు జవాబులు పెట్టాక అలా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు పెరిగారు. మీ ఊళ్లోనూ గుడో, ఆసుపత్రో, బస్టాండో ఉంటుంది కదా.

ఇన్‌ఫ్లుయెన్సర్ల గురించి ఎక్కువ చెప్పను. ఒకసారి మూడు చీరలూ కొంత డబ్బూ ఇచ్చాం, ఆ ఖర్చు కూడా తిరిగి రాలేదు. ఇస్తే మాత్రం అది డబ్బిచ్చి చేయించిన ప్రచారమని వీడియోలో చెప్పించండి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది, చీరలు ఉచితంగా ఇచ్చినా అవి వర్తిస్తాయి.

ధర దాచిపెట్టి "ప్రైస్ కోసం డీఎం చేయండి" (అంటే విడిగా మెసేజ్ పెట్టండి) అనే అలవాటు నాకు నచ్చదు. కింద "ప్రైస్ ప్లీజ్" కామెంట్లు పడితే వీడియో ఎక్కువ మందికి చేరుతుందని అలా చేస్తారు. మేమూ చేశాం. వచ్చిన మెసేజ్‌లలో సగానికి సగం ధర వినగానే మాయం. ఇప్పుడు వీడియోలోనే ధర చెబుతాం, మెసేజ్‌లు తగ్గాయి, అమ్మకాలు తగ్గలేదు. అక్కకు మాత్రం రాత్రిళ్లు నిద్ర దొరుకుతోంది.

క్యాష్ ఆన్ డెలివరీతో జాగ్రత్త. ఫోన్ ఎత్తరు, పార్సిల్ వెనక్కి వస్తుంది, లాభం కొరియర్ వాడికి పోతుంది. మేము రెండు వందలు యూపీఐలో అడ్వాన్స్ తీసుకుని మిగతాది డెలివరీ అప్పుడు తీసుకుంటాం. అడ్వాన్స్ అనగానే కొందరు వెళ్లిపోతారు, పోనివ్వండి.

మీ పది వేల సంగతి. నేనైతే మొదటి నెల ట్రైపాడ్, లైటు కొని, మిగిలిన దాంట్లో ఐదు వేలు వాట్సాప్ యాడ్లకు పెడతాను, అదీ ముందు మీ జిల్లా, పక్క జిల్లా వరకే. వ్యూలు పక్కన పెట్టి, ఇంటికి చేరి వెనక్కి రాని చీరలు ఎన్నో ఒక పుస్తకంలో రాసుకోండి. యాడ్ ఖర్చును దానితో భాగించండి. చీరకు మిగిలే లాభం కంటే ఆ అంకె పెద్దదైతే ఆ యాడ్ ఆపేయండి.

ఆషాఢంలో మాత్రం యాడ్ల జోలికి పోవద్దు. పెద్ద షాపులన్నీ సేల్ పెట్టి అదే జనానికి యాడ్ చూపించడానికి జరిగే వేలంలో పోటీ పడతాయి, మన ఐదు వేలు రెండు రోజుల్లో ఆవిరైపోతాయి. మేము ఆ నెలంతా పాత కస్టమర్లకు మెసేజ్ చేసి, శ్రావణానికి ఏ రంగులు కావాలో అడుగుతాం, దాన్ని బట్టి స్టాక్ తెచ్చుకుంటాం. కిందటేడు వరలక్ష్మీ వ్రతం ముందు వారంలో అమ్ముడైన చీరల్లో ఎక్కువ భాగం అలా ముందే మాట అనుకున్నవే.